ఉచితంగా ఇచ్చినవాడు బాకీ పడినట్టా?

ప్రశ్న: సార్, మాది చిత్తూరు. కోర్టు దగ్గర జిరాక్స్, డీటీపీ షాపు. మావాడు తిరుపతిలో సీఎస్ఈ మూడో సంవత్సరం. ఏదో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టట, అంటే ఎవరైనా వాడుకునేలా కోడ్‌తో సహా ఇచ్చేసే సాఫ్ట్‌వేరట, రాత్రి రెండింటి దాకా ఎవరెవరి సమస్యలకో జవాబులు రాస్తుంటాడు. పైసా రాదు, పైగా తిట్లు. షాపు కంప్యూటర్లో కూడా ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ వేశాడు. పాత తెలుగు ఫైళ్లన్నీ గజిబిజి. ఎవరిని అడగాలో తెలీదు, పలికే దిక్కు లేదు. ఇదంతా మాన్పించి ఏఐ కోర్సులో చేర్చమంటారా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: పోల్చి చెబుతాను గానీ, ముందొక మాట. మీవాణ్ణి రాత్రిళ్లు తిడుతున్నది ఎవరో కాదు, మీలాంటి షాపుల వాళ్లే. 'పలికే దిక్కు లేదు' అని మీరు నాకు రాశారు, వాళ్లు మీవాడికే రాస్తున్నారు. అంతే తేడా.

మీ ఫైళ్ల సంగతే చూడండి. పాత డీటీపీ ఫాంట్లు చాలావరకు యూనికోడ్ కావు, అంటే ప్రతి భాష అక్షరానికీ ప్రపంచమంతా ఒకే నంబరు వాడే పద్ధతిలో చేసినవి కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టి నడిపించినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి ఇంగ్లిష్ కనిపిస్తుంది. డబ్బు పోసి కొన్న సాఫ్ట్‌వేర్‌లో తెరిచినా అంతే. ఫాంటు మళ్లీ ఎక్కించాలి, లేదా యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మీవాడికి ఇది పెద్ద పని కాదు. మీరు అతన్ని ఎలా అడిగారో నేను ఊహించగలను: 'నువ్వు వేసింది పనిచెయ్యట్లేదురా.' తిరుపతి రుయా ఆసుపత్రి ఓపీలో డాక్టరు ముందు కూర్చుని 'బాగాలేదు' అని ఊరుకుంటే ఏం మందు రాస్తాడు?

ఈ సాఫ్ట్‌వేర్లతో పాటు లైసెన్సు అని ఒకటి వస్తుంది, ఎవరూ చదవరు. ఓపెన్ సోర్స్‌లో బాగా వాడే జీపీఎల్ అనే లైసెన్సులో పెద్దక్షరాల్లో ఉంటుంది, ఏ వారంటీ లేదని. ఇక్కడ 'ఫ్రీ' అంటే స్వేచ్ఛ. వాడుకోవచ్చు, లోపల ఎలా ఉందో చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. రాసినవాడి నిద్ర మాత్రం అందులో లేదు. తిరుమల అన్నదానంలో కండువా వేసుకుని వడ్డించే శ్రీవారి సేవకుడికి జీతం ఉండదు. అయినా సాంబారు ఆలస్యమైతే కసురుకునేవాళ్లను మీరూ చూసే ఉంటారు.

ప్రాజెక్టుల వాళ్లదీ తప్పు లేకపోలేదు. 'ఎవరైనా తేలిగ్గా వాడొచ్చు' అని పేజీ నిండా రాసుకుంటారు. తీరా అడిగితే 'కోడ్ చూసుకో' అంటారు. కోర్టు పని మీద నిలబడ్డ మనిషికి ఆ జవాబేమిటి?

కచ్చితంగా సాయం కావాలనుకునే సంస్థలు దానికి విడిగా డబ్బు కడతాయి. రెడ్ హ్యాట్ అనే ఓపెన్ సోర్స్ కంపెనీ వ్యాపారమంతా దాదాపు అదే. 2019లో ఐబీఎం ఆ కంపెనీని 3,400 కోట్ల డాలర్లకు కొన్నది. మీవాడు రాత్రిళ్లు ఊరికే చేస్తున్న పనికి బయట సపోర్ట్ ఇంజనీర్ అని పేరు, జీతం ఉన్నాయి. ముక్కూ మొహం తెలియనివాడు రాసిన అరవాక్యం నుంచి లోపం ఎక్కడుందో పట్టుకోవడం క్లాసులో రాదు.

ఇంత చెప్పినా, రెజ్యూమే కోసం ఓపెన్ సోర్స్ అనే ఫ్యాషన్ మీద నాకు నమ్మకం తక్కువ. హ్యాక్టోబర్‌ఫెస్ట్ అని, అక్టోబరులో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపితే టీషర్టు ఇచ్చే కార్యక్రమం ఒకటుంది. 2020లో ఆ టీషర్టు కోసం వేలాది మంది రీడ్‌మీ ఫైల్లో, అంటే ప్రాజెక్టు పరిచయం రాసే ఫైల్లో, ఒక్కో పదం మార్చి పంపారు. ఆ చెత్త ఎత్తలేక ప్రాజెక్టుల వాళ్లు లబోదిబోమంటే, ఆ నెల్లోనే రూల్స్ మార్చాల్సి వచ్చింది. అలాంటి 'కాంట్రిబ్యూషన్లు' నలభై చూపించే పిల్లలు నా దగ్గరకూ వస్తారు. 'ఇందులో ఎవరి ఇబ్బంది తీర్చావమ్మా?' అంటే నేల చూపులు. మీవాడు ఆ బాపతు కాదనుకుంటాను. టీషర్టు కోసం చేసేవాణ్ణి రాత్రి రెండింటికి ఎవరూ తిట్టరు.

ఇక ఏఐ కోర్సు. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని ఫ్లెక్సీ కట్టినచోట లక్ష కట్టకండి. ఆసక్తి ఉంటే చదువు పూర్తయ్యాక చూసుకుంటాడు. పోలిక ఇంతే.

మీ అసలు బాధ కోర్సు కాదు, 'నా కొడుకుని వాడుకుంటున్నారు' అని. అది నిజమైన భయమే. ఫైళ్ల సైజు తగ్గించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ల తరబడి దాదాపు ఒక్కడే చూసుకున్నాడు. అప్‌డేట్లు ఆలస్యమవుతున్నాయి, ఇంకొకరికి అప్పగించమని కొందరు నస పెట్టారు. చివరికి సాయం చేస్తానని దగ్గరైనవాడే అందులో దొంగదారి పెట్టాడు. 2024 మార్చిలో బయటపడింది.

అందుకే మాన్పించడం కాదు, హద్దు పెట్టించండి. రోజుకు గంట. 'జవాబులు శని, ఆదివారాల్లోనే' అని ప్రాజెక్టు పేజీలోనే రాసుకోమనండి. బూతులు రాసినవాడికి జవాబు అక్కర్లేదు. 'నాకు కుదరదు' అనడం తప్పు కాదని తండ్రి నోట వింటే, ఆ పిల్లాడికి సగం టెన్షన్ పోతుంది.

ఈ ఆదివారం ఇంటికొస్తే షాపులో కూర్చోబెట్టుకోండి. ఈలోగా ఏ ఫైలు, ఏ ఫాంటు, తెరిస్తే ఏం కనబడుతోంది అన్నది ఒక కాగితం మీద రాసిపెట్టండి. ఆ పాత ఫాంటు సీడీ బీరువాలో ఎక్కడో ఉండే ఉంటుంది, వెతకండి.