ఏమీ అడగని పిల్ల గురించి

విజయనగరం

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. చిన్నాడి స్పీచ్ థెరపీ కోసం విశాఖలో గది తీసుకుని వారానికి ఐదు రోజులు ఉంటావట. పాపను శ్రీకాకుళంలో మీ అమ్మ దగ్గర వదులుతావట. ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ వెళ్తున్నావంటే గర్వంగానే ఉంది. కానీ "పాపకేం, అది ఎక్కడైనా బతికేస్తుంది" అన్నావట. ఆ మాటకి రాత్రంతా నిద్ర పట్టలేదు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. చెవి పరీక్ష ఇంకా చేయించకపోతే ముందు అది చేయించు. సచివాలయంలో వైకల్యం సర్టిఫికెట్ కోసం సదరం స్లాట్ గురించి అడుగు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రంలో కూడా ఒకసారి కనుక్కో. కాగితాలన్నీ ఒకే ఫైల్లో పెట్టు. థెరపీ కాసేపే, మిగతా రోజంతా వాడు నీ దగ్గరే కదా, అందుకని వాళ్లేం చేయిస్తున్నారో పక్కన కూర్చుని నేర్చుకో.

ఇవన్నీ నీకు తెలిసినవే. తెలియనిది ఒకటుంది.

మా వాడికి, అదే మీ అన్నయ్యకి, ఏడాదిన్నరప్పుడు పోలియో వచ్చింది. దేశమంతా పల్స్ పోలియో చుక్కలు మొదలైంది 1995లో, అప్పటికి వాడు తొమ్మిదో తరగతి. 1985లో వాడికి నాలుగేళ్లు, కాలికి ఊతంగా క్యాలిపర్ వేశారు. వాడి అక్కకి, మీ అప్పకి, ఏడేళ్లు. దాని జడ అదే వేసుకునేది, బడికి అదే వెళ్లేది, రేషన్ షాపులో చిల్లర లెక్క నాకంటే ముందు చెప్పేది. నేను రోజూ సాయంత్రం చాప వేసి, నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి, కథలు చెబుతూ వాడి కాలికి అరగంట రాసేదాన్ని. అది పక్క గదిలో ఎక్కాలు రాసుకునేది.

ఒకరోజు మీ అప్ప కుంటడం మొదలెట్టింది. ఎడమ కాలు ఈడుస్తూ, అచ్చం వాడిలాగే. రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు మూడు లాంతర్ల కూడలి దగ్గర, అంత జనంలో, "తమ్ముణ్ణి వెక్కిరిస్తావుటే" అని చెంప మీద ఒకటిచ్చాను. ఏడవలేదు. కింద పడిన కూరల సంచి తీసుకుని తిన్నగా నడిచింది. ఒక్క దెబ్బకి దారికొచ్చిందని ఇంటికొచ్చి మీ పెద్దనాన్నతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మొన్న సంక్రాంతికి వచ్చి అరిసెలు ఒత్తుతోంది, చేతుల నిండా నూనె. నవ్వుతూనే అంది: "నాకూ కాలు బాగోకపోతే నూనె రాస్తావనుకున్నానమ్మా."

ఆ చెంపదెబ్బ తర్వాత అది నన్నేమీ అడగలేదే! కాలేజీ ఫీజు కూడా వాళ్ల నాన్ననే అడిగింది. నేనేమో "మా పిల్ల బంగారం, ఏ గొడవా లేదు" అని వీధంతా చెప్పుకున్నాను.

పాప బూట్లు అదే వేసుకుంటుంది, సరే. అప్పుడప్పుడు నువ్వు వెయ్యి. తమ్ముడికి మాటలెందుకు రావట్లేదో దానికి అర్థమయ్యేలా చెప్పు, లేకపోతే తన వల్లే అనుకునే ప్రమాదం ఉంది. వాడు దాని రంగుల పుస్తకం చింపితే "నువ్వు పెద్దదానివి కదా" అనకు, కోపం రానీ. రాత్రి ఫోన్ చేసినప్పుడు మొదటి మాట వాడి గురించి ఎత్తకు.

ఇంకోటి, నవ్వకు. పాపను నాగావళి వైపు ఒక్కర్తినీ వెళ్లనివ్వొద్దని మీ అమ్మకి గట్టిగా చెప్పు. అన్నీ వచ్చనుకునే పిల్లలతోనే నాకు భయం.

అసలు ఐదు రోజులు వదలకు తల్లీ. మధ్యలో ఒక రాత్రికైనా వచ్చి వెళ్లు, లేదా దాన్ని కూడా తీసుకెళ్లి అక్కడే బడిలో వెయ్యి. ఖర్చవుతుందని తెలుసు. నా పెన్షన్లోంచి కొంత పంపుతాను, వద్దనకు.

ఆదివారం రైల్లో ముగ్గురూ బయల్దేరి ఇక్కడ దిగండి, మీ పెద్దనాన్న స్టేషన్‌కి వస్తారు. కిటికీ సీటు పాపకివ్వు. చిన్నాడు ఏడిస్తే కాసేపు ఏడవనీ.

మీ పెద్దమ్మ