బెనిన్ వెళ్తున్న మేనల్లుడికి

చి. మేనల్లుడికి ఆశీస్సులు.

పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్‌లో జీడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పింది. పాపం చాలా టెన్షన్ పడుతోంది. ఆవిడకి నచ్చజెప్పడం నా వంతు. నీకు చెప్పాల్సినవి ఇక్కడ రాస్తున్నాను.

"ఆ దేశంవాళ్లు పిక్కలు ఆపేసి మన పొట్ట కొట్టారు" అని పలాసలో ఎవరైనా అంటే ఆ మాట మనసులో పెట్టుకుని విమానం ఎక్కకు. 2024 ఏప్రిల్ నుంచి పచ్చి జీడిపిక్కల ఎగుమతిని బెనిన్ ఆపేసిన మాట నిజమే. ఇన్నేళ్లూ వాళ్ల పిక్కలు ఓడలెక్కి మన దేశానికీ వియత్నాంకీ వచ్చాయి. ఉడకబెట్టడం, కొట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగ్... నాలుగు చేతులకి కూలి దొరికే పనులన్నీ ఇక్కడే జరిగాయి. ఆ కూలితో పలాసలో ఎన్ని ఇళ్లు లేచాయో నీకు తెలుసు. అదే కూలి తమ ఊళ్లలో మిగలాలని వాళ్లు కోరుకోవడంలో తప్పేముంది? పిక్కల ధర పెరిగితే నష్టపోయేవాణ్ణి నేను. అయినా వాళ్లు చేసింది సరైన పనే అంటాను.

దేశం వైశాల్యంలో ఇంచుమించు మన తెలంగాణ అంత. 1960లో ఫ్రెంచివాళ్ల నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. అప్పటి పేరు దహోమీ, 1975లో బెనిన్ అయింది. పత్తి, జీడి, కోటోను ఓడరేవు, వాళ్ల బతుకంతా వీటి చుట్టూనే. ఇరుగుపొరుగు దెబ్బ మాత్రం గట్టిగా తగులుతుంటుంది. 2019లో నైజీరియా సరిహద్దు మూసేస్తే ఏడాది పైగా సరుకు కదల్లేదు. 2023లో నైజర్‌లో సైన్యం గద్దెనెక్కాక అటు వెళ్లే లారీలూ ఆగిపోయాయి. ఉత్తరాన బుర్కినా ఫాసో, నైజర్ సరిహద్దుల్లో సాయుధ ముఠాల దాడులు జరుగుతున్నాయి. ఎవరు పిలిచినా అటువైపు వెళ్లకు.

నువ్వు చేరేది కోటోనుకి దగ్గర్లోని గ్లో-జిగ్బే పారిశ్రామికవాడలో. పిక్కల నుంచి పప్పూ, పత్తి నుంచి బట్టా అక్కడే తయారు కావాలన్నది వాళ్ల ఆశ. ఆ ఆశ నిలబడేదీ పడేదీ పొట్టు తీసే బల్లల దగ్గర. గుండు పప్పుకీ బద్దకీ ధరలో ఎంత తేడా ఉంటుందో నీకు వేరే చెప్పాలా? కొత్తగా చేరిన అమ్మాయి చేతిలో పప్పు విరిగితే కేకలు వేయకు. పక్కన కూర్చుని వేళ్లు ఎలా పెట్టాలో చూపించు. మన ఆడవాళ్లకి కూడా ఆ పనితనం ఒక్క రోజులో రాలేదు.

కొనుగోలు సమయంలో పరాకూ పట్టణం వైపు పంపిస్తే సంతోషంగా వెళ్లు. జీడి మార్కెట్ అక్కడే. కటింగ్ టెస్ట్, అంటే పిక్కలు కోసి ఎంత పప్పు వస్తుందో చూసే పరీక్ష మాత్రం రైతు కళ్లముందే చెయ్యి. గోనె సంచుల్లో పైనా మధ్యా అడుగునా తీసి కలిపి, కిలో తూచి, పిక్కలు కోయించు. కిలోకి 270 గ్రాముల పప్పు వస్తే 80 కిలోల బస్తాకి దాదాపు 48 పౌండ్ల అవుట్‌టర్న్ (బస్తాకి వచ్చే పప్పు బరువు), అంటే మంచి సరుకు. లెక్క వాళ్లకి అర్థమయ్యేలా చెప్పు. ఎగుమతి ఆగాక రైతుకి కొనేవాళ్లు తగ్గారు, బేరం ఫ్యాక్టరీల చేతిలోకి వచ్చింది. రైతు నోరు కొట్టి నడిపే ఫ్యాక్టరీకి నాలుగేళ్ల తర్వాత పిక్కలు దొరకవు, చెట్లు కొట్టేసి వేరే పంట వేసుకుంటారు. ఈ సంగతి మీ యజమానికి కూడా ధైర్యంగా చెప్పు.

ఫ్రెంచి ఇప్పటినుంచే నేర్చుకో, ఇంగ్లీషుతో అక్కడ పని జరగదు. అక్కడివాళ్లు మాట్లాడే 'ఫోన్' (Fon) అనే భాషలో పలకరింపులు వచ్చినా చాలు, కూలీలు నిన్ను తమవాడిలా చూస్తారు. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుని, ఆ కార్డు పాస్‌పోర్ట్‌తోనే ఉంచు. అది లేకుండా తిరిగొస్తే ఇక్కడ ఎయిర్‌పోర్టులోనే ఆపేసి క్వారంటైన్‌లో పెడతారు. జ్వరం వస్తే అదే రోజు మలేరియా పరీక్ష చేయించుకో.

వెళ్లే ముందు ఒక ఆదివారం ఇంటికి రా. కటింగ్ టెస్ట్ లెక్కలు దగ్గర కూర్చోబెట్టి చేయిస్తాను.

మీ మామయ్య