అబ్బాయికి ఐటీఐ, అమ్మకు మసాజ్ థెరపీ: ఇంట్లో ఉన్న సొమ్ము ఎవరి శిక్షణకు?

ప్రశ్న: మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. నా వయసు 39. ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో సహాయకురాలిగా చేస్తున్నాను, నెలకు 12,000 రూపాయలు వస్తాయి. మావారు ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తారు, ఆయనకు 19,000. మా అబ్బాయికి 16 ఏళ్ళు, పదో తరగతి పాసయ్యాడు. వెల్డింగో ఫిట్టింగో నేర్చుకుంటానంటున్నాడు. ఒక ప్రైవేటు సంస్థ ఏడాది ఇండస్ట్రియల్ టెక్నీషియన్ కోర్సుకు 1,60,000 అడుగుతోంది, ఉద్యోగం గ్యారంటీ అంటోంది. నాకు ఆరు నెలల మసాజ్ థెరపీ కోర్సు చేయాలని ఎప్పటినుంచో ఉంది, దానికి 70,000. బ్యాంకులో 1,20,000 డిపాజిట్, ఇంట్లో ఐదు కాసుల బంగారం ఉన్నాయి. రెండు లక్షల చీటీ 40 నెలలకుగాను 26 నెలలు కట్టాం, ఇంకా పాడలేదు. బంగారం తాకట్టు పెట్టి ముందు అబ్బాయిని చేర్పిద్దామని, నా సంగతి తర్వాత చూసుకుందామని అనుకుంటున్నాం. ఇది సరైనదేనా?

జవాబు: అమ్మా, మీ వరుసను తిరగవేయమని చెబుతున్నాను. అబ్బాయి నేర్చుకోవాలనుకుంటున్న పనిని ప్రభుత్వం దాదాపు ఉచితంగా నేర్పుతోంది. మీరు నేర్చుకోవాలనుకుంటున్న పనికి కొంత సొమ్ము పెట్టక తప్పకపోవచ్చు. ఇంటి డబ్బు అవసరమైనచోటికి వెళ్ళాలి. బిడ్డ చదువు ముందు, తల్లి కోరిక తర్వాత అనే అలవాటును మన ఇళ్ళలో ఎవరూ ప్రశ్నించరు కాబట్టి లెక్క వేసి చూపిస్తాను.

మొదట అబ్బాయి సంగతి. ఐటీఐలో ఫిట్టర్ రెండేళ్ళు, వెల్డర్ ఒక సంవత్సరం. పూర్తయ్యాక చేతికి వచ్చేది జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్, దానికి దేశమంతటా గుర్తింపు ఉంది. విజయవాడలోనే ప్రభుత్వ ఐటీఐ ఉంది, అక్కడ ఫీజు నామమాత్రం. మీకు నిజంగా అయ్యే ఖర్చు యూనిఫాం, పనిముట్లు, బస్ పాస్. ప్రైవేటు సంస్థ ఇచ్చే కాగితం ఆ సంస్థ సొంత డిప్లొమా మాత్రమే అయితే అప్రెంటిస్‌షిప్ (కంపెనీలో స్టైపెండ్‌తో పొందే శిక్షణ) దరఖాస్తులో ఐటీఐ ట్రేడ్ అడిగినచోట అది చెల్లదు. తెనాలి నుంచి నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం ఇలాగే బంగారం తాకట్టు పెట్టి ఏడాది కోర్సు చేయించింది. చివరికి ఆ అబ్బాయి మళ్ళీ మొదటినుంచి ఐటీఐలో చేరాల్సి వచ్చింది. పోయిన సొమ్ము కంటే పోయిన ఏడాది గురించి ఆ తండ్రి ఎక్కువ బాధపడ్డారు.

మీరు గమనించని సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఏడాది కోర్సు ముగిసేనాటికి మీ అబ్బాయికి 17 ఏళ్ళు. 18 నిండని వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టడాన్ని బాల కార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ నిషేధించింది కాబట్టి పేరున్న ఏ కర్మాగారమూ ఆ వయసు పిల్లవాడిని పనిలోకి తీసుకోవడానికి ముందుకు రాదు. గ్యారంటీ అన్న ఉద్యోగం ఎక్కడ, ఎవరి దగ్గర, ఏ వయసుకు అని అడగండి. పోయిన బ్యాచ్ పిల్లల జీతం స్లిప్పులు, వాటి మీద ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) నంబరు చూపించమనండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ అప్పగించకండి. రెండేళ్ళ ఐటీఐ అయితే బయటికి వచ్చేసరికి 18 నిండుతాయి.

వెల్డరా, ఫిట్టరా అన్నది మీ అబ్బాయే తేల్చుకోవాలి, కానీ నేనైతే ఫిట్టర్ వైపు మొగ్గుతాను. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ నోటిఫికేషన్లలో అర్హమైన ట్రేడుల కింద ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, ఎలక్ట్రీషియన్ కనిపిస్తాయి, వెల్డర్ కనిపించదు. రెండేళ్ళ ట్రేడు చేసినవారికి బ్రిడ్జి కోర్సు, ప్రవేశ పరీక్ష ద్వారా పాలిటెక్నిక్ డిప్లొమా రెండో సంవత్సరంలో చేరే దారి కూడా ఉంది. ఐటీఐ తర్వాత అప్రెంటిస్‌షిప్ తప్పక చేయించండి. దక్షిణ మధ్య రైల్వే తీసుకునే అప్రెంటిస్‌లకు రాత పరీక్ష ఉండదు, పదో తరగతి మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి చూస్తారు. మన రాయనపాడులోనే రైల్వే వ్యాగన్ వర్క్‌షాపు ఉంది. ప్రైవేటు కంపెనీలో చేస్తే జాతీయ అప్రెంటిస్‌షిప్ పథకం కింద స్టైపెండ్‌లో నాలుగో వంతును, నెలకు 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. లేత్ దగ్గర మీవారు పాతికేళ్ళుగా నేర్చుకున్నది సెలవు రోజుల్లో ఆ పిల్లవాడికి చూపిస్తే ఏ సంస్థా ఇవ్వలేని శిక్షణ అవుతుంది.

వెల్డింగ్ మీదే మనసు ఉంటే సొమ్ము పెట్టాల్సిన సమయం ఇప్పుడు కాదు, ఐటీఐ అయ్యాక. ఆర్క్ వెల్డింగ్ వచ్చినవారు ఆటోనగర్‌లో కావలసినంత మంది ఉన్నారు. గొట్టాన్ని 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి చుట్టూ అతికించే 6జీ పరీక్ష దాటినవారు తక్కువ, వారి కూలి ఎక్కువ. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం వంటి చోట బాయిలర్ గొట్టాలను అతికే వెల్డర్‌కు బాయిలర్ నిబంధనల ప్రకారం విడిగా అర్హత పత్రం కావాలి. టిగ్ వెల్డింగ్ (జడ వాయువు రక్షణలో సన్నగా అతికే పద్ధతి), 6జీ నేర్పే స్వల్పకాలిక కోర్సుకు అప్పుడు ఫీజు కట్టినా దండగ కాదు. దానికి సొమ్ము మీ చీటీలోనే ఉంది. 14 నెలలు ఓపిక పట్టి చివరిదాకా ఉంచితే, చట్టం అనుమతించిన గరిష్ఠ కమిషన్ 7 శాతం పోయినా 1,86,000 చేతికి వస్తుంది. ఇప్పుడు తొందరపడి పాడితే ఆ కమిషన్ 14,000 కంటే ఎక్కువే వదులుకోవాల్సి రావచ్చు. ఆ చీటీ రిజిస్టర్ అయినదో కాదో మాత్రం ఈ వారమే కనుక్కోండి.

ఇక మీ కోర్సు. ముందు ఆ 70,000 మీద 18 శాతం జీఎస్టీ విడిగా ఉందా అని అడగండి. ఉంటే మొత్తం 82,600 అవుతుంది. క్లినిక్ పని మానేసి పగటి బ్యాచ్‌లో చేరితే ఆరు నెలల జీతం 72,000 కూడా పోతుంది, అంటే అసలు ఖర్చు 1,54,600. కోర్సు తర్వాత మీ సంపాదన నెలకు 6,000 పెరుగుతుందని అనుకుందాం. పని మానకుండా సాయంత్రం బ్యాచ్‌లో నేర్చుకుంటే పెట్టిన సొమ్ము 14 నెలల్లో తిరిగి వస్తుంది, పని మానేస్తే 26 నెలలు పడుతుంది. సాయంత్రం బ్యాచ్ లేని సంస్థ ఎంత పేరున్నదైనా మీకు సరిపడదు.

ఆ ఫీజు కట్టేముందు ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద స్పా థెరపిస్ట్ కోర్సు దగ్గరలో నడుస్తోందేమో చూడండి, అది ఉచితం. డబ్బు కట్టి చేరేటట్లయితే ఆ కోర్సుకు జాతీయ నైపుణ్య అర్హతల చట్రంలో, అంటే నైపుణ్య కోర్సులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు వ్యవస్థలో, స్థానం ఉందో లేదో తెలుసుకోండి. దీనికి తేలికైన పరీక్ష ఒకటి ఉంది. మీ బ్యాంకుకు వెళ్ళి ఈ కోర్సుకు స్కిల్ లోన్ ఇస్తారా అని అడగండి. 2024లో ఈ రుణాల పరిమితిని 7,50,000కు పెంచారు, పూచీకత్తు అక్కర్లేదు, కానీ గుర్తింపు ఉన్న కోర్సులకే ఇస్తారు. మీరు అప్పు తీసుకోనక్కర్లేదు, మేనేజరు చెప్పే జవాబు చాలు.

కోర్సులో ఏం నేర్పుతారన్నది ఇంకా ముఖ్యం. జ్వరం, విరిగిన ఎముక, కాలి సిరల్లో గడ్డకట్టిన రక్తం ఉన్నవారికి మర్దన ఎందుకు చేయకూడదో నేర్పని చోట నూనె పూయడం మాత్రమే వస్తుంది. క్లినిక్‌లో పనిచేస్తున్నారు కాబట్టి ఈ తేడా మీకు తెలుసు. మసాజ్ థెరపిస్ట్ ఫిజియోథెరపిస్ట్ కాదనీ, బోర్డు మీద అలా రాసుకోకూడదనీ కూడా తెలిసే ఉంటుంది.

పని విషయంలో స్పాల కంటే ఇళ్ళనే నమ్ముకోమంటాను. స్పా పేరుతో నడిచే కొన్ని కేంద్రాల మీద పోలీసు తనిఖీలు జరుగుతుంటాయి, అక్కడ పనిచేసే ఆడపిల్లల గౌరవానికి దెబ్బ తగిలేది యజమాని తప్పు వల్ల. నియామక పత్రం, ఈఎస్ఐ ఇవ్వని చోట అడుగు పెట్టకండి. బాలింతలకు ఒళ్ళు పట్టి, పసిపిల్లలకు నూనె రాసి నలుగు పెట్టి స్నానం చేయించేవారి కోసం మన ఊళ్ళో అడగని వీధి లేదు. పూర్వం ఇంటి పెద్దవాళ్ళు చేసిన ఆ పనిని శిక్షణ పొందినవారు చేస్తే డబ్బు ఇవ్వడానికి ఇప్పటి కుటుంబాలు వెనకాడవు. క్లినిక్‌కు వచ్చే రోగులకు డాక్టరు గారి అనుమతితో మీ సంగతి తెలియజేస్తే మొదటి నలుగురు అక్కడే దొరుకుతారు.

బంగారాన్ని కదిలించకండి. ఫీజులో సగం డిపాజిట్ నుంచి ఇచ్చి, మిగతాది ఆరు వాయిదాలకు ఒప్పించండి. డిపాజిట్‌లో మిగిలే 80,000 దాకా ఉన్న సొమ్ము మూడు నెలల ఇంటి ఖర్చుకు అండ, దాన్ని తాకవద్దు.

మర్దన పని బొటనవేళ్ళను, మణికట్టును, నడుమును అరగదీస్తుంది. పదిహేనేళ్ళ తర్వాత ఇదే వేగంతో చేయలేరు. అందుకే అటల్ పెన్షన్ యోజనలో ఈ ఏడాదే చేరండి, 40 దాటితే ప్రవేశం లేదు. 39 ఏళ్ళ వయసులో చేరితే నెలకు 528 కట్టినవారికి 60 తర్వాత నెలకు 2,000 పెన్షన్ వస్తుంది. ఇళ్ళకు తిరిగే పని కాబట్టి ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా ఇచ్చే సురక్షా బీమా కూడా అదే బ్యాంకులో, అదే రోజు తీసుకోండి.