షవర్ మార్చండి, మిగతావి ఆగితే నష్టం లేదు

ప్రశ్న: ఇంట్లో నలుగురం ఉంటాం. నీళ్ల బిల్లు, కరెంటు బిల్లు రెండూ పెరుగుతున్నాయి. వీడియోలు చూసి షవర్, కుళాయిలు, ఫ్లష్ ట్యాంకు, గీజర్ అన్నీ ఆదా చేసే రకానికి నేనే మార్చేద్దామనుకుంటున్నాను. కొట్టువాళ్లు వాయిదాల్లో ఇస్తామంటున్నారు. ఇప్పుడున్న షవర్ కింద 20 లీటర్ల బకెట్ 80 సెకన్లలో నిండుతోంది. పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: షవర్ మీద పెట్టింది వస్తుంది. కుళాయిల మీద పెట్టింది చాలామటుకు రాదు. గీజర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి.

ముందు నీళ్ల బిల్లు తీసి చూడండి. మీటరు ప్రకారం వేస్తున్నారా, నెలకింత అని కట్టేస్తున్నారా? నెలకింత అయితే చన్నీళ్లు ఎంత తగ్గించినా మీకు మిగిలేది ఏమీ ఉండదు. నీళ్లు వృథా చేయకపోవడం ఎలాగూ మంచిదే. కానీ మీరు అడిగింది డబ్బు గురించి కదా.

డబ్బంతా వేడినీళ్లలో ఉంది. లెక్క చాలా సులువు: లీటర్లను, పెంచాల్సిన డిగ్రీలతో గుణించి 860తో భాగించండి. వచ్చేది కరెంటు యూనిట్లు. వెయ్యి లీటర్లను 20 డిగ్రీలు వేడి చేయాలంటే 23 యూనిట్లు దాటుతాయి. అవే వెయ్యి లీటర్లను 10 మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి మోటారు తినేది ఒక యూనిట్‌లో చిన్న ముక్క.

ఇప్పుడు మీ ఇంటి లెక్క చూద్దాం. 80 సెకన్లకు 20 లీటర్లంటే నిమిషానికి 15 లీటర్లు. నిమిషానికి 8 లీటర్లు ఇచ్చే షవర్ పెడితే 7 లీటర్లు మిగులుతాయి. మనిషికి 8 నిమిషాల చొప్పున నలుగురికి 32 నిమిషాలు, అంటే రోజుకు 224 లీటర్లు. చన్నీళ్లు 25 డిగ్రీలు, స్నానం 40 డిగ్రీల దగ్గర అనుకుంటే రోజుకు దాదాపు 4 యూనిట్లు, నెలకు 117. మీ బిల్లులో యూనిట్ ధర చూసి గుణించుకోండి. వేడినీళ్లతో షవర్ స్నానం చేసే నెలలనే లెక్కలోకి తీసుకోండి. షవర్ ఖరీదు ఏడాదిలో తిరిగొస్తే అది నూటికి నూరు శాతం రాబడి. పైగా మిగిలిన డబ్బు మీద పన్ను కూడా ఉండదు. ఇలాంటి రాబడి ఇచ్చే డిపాజిట్ ఎవరైనా చూపిస్తే నేను అనుమానిస్తాను.

బకెట్ స్నానం చేసేవాళ్లకు మాత్రం ఇదంతా వర్తించదు. కుళాయి సన్నగా వచ్చినా బకెట్‌లో పట్టేది అన్నే లీటర్లు, కాకపోతే కాస్త ఆలస్యం. వంటింటి కుళాయి మూతికి పెట్టే ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపి ధార తగ్గించే జాలీ) కథా అంతే: పారే నీళ్ల కింద గిన్నెలు కడిగితే ఆదా ఉంటుంది, గిన్నె నింపడానికైతే ఉండదు.

బిగించడం కష్టమేమీ కాదు. పాత షవర్ నట్టుకు గుడ్డ చుట్టి స్పానర్‌తో తిప్పితే మెరుపు పోదు. మరలు శుభ్రంగా తుడిచి, బిగించేటప్పుడు నట్టు తిరిగే వైపుగానే టెఫ్లాన్ టేపు రెండు మూడు చుట్లు చుట్టండి. ఎదురు వైపు చుడితే బిగిస్తుంటేనే ఊడి ముద్ద అవుతుంది. రబ్బరు వాషర్ లోపలే ఉందా అని ఒకసారి చూసుకోండి. తర్వాత చేత్తో బిగిస్తే చాలు, బలం చూపిస్తే పగిలేది ప్లాస్టిక్కే.

కొనేముందు రెండు జాగ్రత్తలు. నీళ్లు పైన ట్యాంకు నుంచి వాటంతట అవే దిగుతుంటే 10 మీటర్ల ఎత్తుకు సుమారు 1 బార్ ఒత్తిడి వస్తుంది. 3 మీటర్లే ఉంటే 0.3 బార్. అక్కడ ఆదా షవర్ చుక్కలు రాలుస్తుంది. రెండోది, అప్పటికప్పుడు వేడిచేసే గ్యాస్ గీజర్‌కు కనీస ప్రవాహం ఉండాలి. అంతకంటే తగ్గితే మంటే వెలగదు. దాని పెట్టె మీద రాసిన అంకె చూశాకే షవర్ ఎంచుకోండి.

ఫ్లష్ ట్యాంకు మార్చేముందు లీకు ఉందేమో చూడండి. రాత్రి పడుకునేముందు ట్యాంకులో కాస్త తినే రంగు వేయండి. ఎవరూ ఫ్లష్ చేయకుండానే అరగంటలో కింద కమోడ్‌లో రంగు కనిపిస్తే అడుగు వాషర్ పోయినట్టే. మీటరున్న ఇంట్లో ఈ చిన్న వాషర్ కొత్త ట్యాంకు కంటే ఎక్కువ మిగిల్చవచ్చు.

ఇక గీజర్. పాతదైనా కొత్తదైనా కరెంటు గీజర్ తీసుకున్న కరెంటును దాదాపు మొత్తం వేడిగానే మారుస్తుంది. కాబట్టి పనిచేస్తున్నదాన్ని తీసేసి అదే రకం కొత్తది పెడితే మిగిలేది, నిల్వ ఉన్నప్పుడు చల్లారిపోయే కాస్త వేడి మాత్రమే. థర్మోస్టాట్ 75 మీద ఉంటే 60కి దించండి, మరీ తగ్గిస్తే ట్యాంకులో బ్యాక్టీరియా పెరుగుతుంది. గీజర్ నుంచి వచ్చే వేడినీళ్ల పైపుకు ఫోమ్ తొడుగు మీరే వేసుకోవచ్చు. గ్యాస్ కనెక్షన్, కరెంటు వైరింగ్, ప్రెజర్ వాల్వ్ మాత్రం ముట్టుకోకండి. ఇప్పుడున్న గీజర్ పాడయ్యాక హీట్ పంప్ రకం, అంటే చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగి నీళ్లు కాచేది, ఆలోచిద్దాం. దానికి కరెంటు సగం కంటే తక్కువే పడుతుంది గానీ ఖరీదు ఎక్కువ.

వాయిదాల మాటకొస్తే, రొక్కం ఇస్తే ఎంతకిస్తారని అడగండి. వడ్డీ లేదంటారు గానీ, రొక్కానికి దొరికే తగ్గింపు పోగొట్టుకోవడంలోనే చాలాసార్లు ఆ వడ్డీ దాగి ఉంటుంది. క్రెడిట్ కార్డు బాకీ ఉంటే షవర్, వాషర్ వరకే కొని మిగతా డబ్బు దానికి కట్టేయండి. షవర్ మార్చాక రెండు బిల్లులు వచ్చేదాకా ఇంకేమీ కొనకండి. పోల్చేటప్పుడు కట్టిన మొత్తం కాదు, యూనిట్లు చూడండి, అదీ పోయిన నెలతో కాకుండా పోయినేడు ఇదే నెలతో.