ఒక్క మందు వెంట నడువు: యువ రచయితకు లేఖ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. ఐసీయూలో ఫంగస్ ఇన్‌ఫెక్షన్లకు వాడే యాంటీఫంగల్ మందులన్నిటినీ వరసగా పేర్చావు. నీ కష్టం కనిపించింది, రోగే కనిపించలేదు. ఒక్క మందును పట్టుకుని, అది నరంలోకి ఎక్కినప్పటినుంచి ఎటు పోతుందో వెంటబడి రాయి.

ఫ్లూకోనజోల్‌నే తీసుకో. నీళ్లలో కరిగే మందు, ప్రొటీన్లకు అంటుకునేది సుమారు 12 శాతమే. సెప్సిస్‌లో, అంటే ఇన్‌ఫెక్షన్‌కు ఒళ్లంతా అదుపు తప్పినప్పుడు, రక్తనాళాల గోడలు నీటిని ఆపలేవు. బీపీ నిలబెట్టడానికి లీటర్లకొద్దీ సెలైన్ ఎక్కిస్తారు, ఒళ్లంతా నీరు పడుతుంది. ఆ నీటిలో మందు పలచబడుతుంది. మొదటి రోజు 800 మిల్లీగ్రాముల పెద్ద డోసు ఎందుకు మానకూడదో పాఠకుడికి అక్కడ తెలియాలి. ఇక కిడ్నీ దెబ్బతింటే డోసు తగ్గించాలని అందరూ రాస్తారు. కానీ 24 గంటలూ డయాలసిస్ నడుస్తుంటే లెక్క తిరగబడుతుంది. మంచి కిడ్నీ వడకట్టిన ఫ్లూకోనజోల్‌లో చాలా భాగాన్ని మళ్లీ రక్తంలోకి లాక్కుంటుంది. మెషిన్ ఆ పని చేయలేదు, వడకట్టిందంతా బయటికి పంపేస్తుంది. దాంతో కిడ్నీలు ఆగిపోయిన మనిషికే మామూలుకన్నా ఎక్కువ డోసు అవసరం కావచ్చు! దీన్ని నువ్వు బ్రాకెట్లో పడేశావు. నేనైతే ఇక్కడే మొదలుపెట్టేవాణ్ని.

వోరికోనజోల్‌ది వేరే దారి, అంతా లివర్ చేతిలోనే. మూత్రంలో మారకుండా పోయేది 2 శాతంలోపే. దాన్ని విరగ్గొట్టే ముఖ్యమైన ఎంజైమ్ పుట్టుకతోనే కొందరిలో చురుగ్గా, కొందరిలో మందంగా ఉంటుంది. ఇన్‌ఫ్లమేషన్, అంటే జబ్బుకు ఒంట్లో పుట్టే వాపు, ఎక్కువైతే ఇంకా నెమ్మదిస్తుంది. ఆ వాపును రక్తపరీక్షలో చూపే సీఆర్‌పీ బాగా పెరిగిన రోజు సరిపోయిన డోసు, అది తగ్గాక చాలకపోవచ్చు. పైగా డోసు కొంచెం పెంచితే రక్తంలో మందు బాగా పెరిగిపోతుంది. అందుకే తర్వాతి డోసుకు ముందు రక్తం తీసి కొలుస్తారు. లీటరుకు 1 నుంచి 5.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలని చూస్తారు. అది దాటితే లేనివి కనిపించడం, అయోమయం రావచ్చు. ఐసీయూలో అయోమయానికి కారణాలు కొదవా? తప్పు మందుదా, జబ్బుదా అని డాక్టర్లు తలపట్టుకునే ఆ చోటు ఇంకాస్త విప్పి రాయి.

కాస్పోఫంగిన్ గురించి రెండు వాక్యాలు చాలు: 97 శాతం ప్రొటీన్లకే అంటుకుని ఉంటుంది, మూత్రంలోకీ కంట్లోకీ సరిగా చేరదు.

రెండో పేజీలో 'డోసు సర్దుబాటు అవసరం' అని మూడుచోట్ల రాశావు. పెంచాలా, తగ్గించాలా, ఎందుకని? ఆ మూడూ తిరగరాయి. ఐసీయూ బయట ఫైలు పట్టుకుని కూర్చున్న బంధువు కూడా ఇది చదువుతాడు, కాబట్టి డాక్టర్ని కాదని డోసు చెబుతున్నట్టు ఎక్కడా ధ్వనించకూడదు. ఎక్మో (ఒంటి బయటినుంచి గుండె, ఊపిరితిత్తుల పని చేసే మెషిన్) పేరా కొట్టెయ్, ఆ గొట్టాలకు వోరికోనజోల్ అంటుకుపోతుందన్న ఒక్క వాక్యం ఉంచు. మళ్లీ పంపు, చూస్తాను.

ఉంటాను.