గండికోటలో తిప్పడానికి రెండింజన్ల పాత స్పోర్ట్ బోటు: కొనే ముందు, కొన్న తరువాత

గోవాలో అమ్మకానికి ఉన్న ఎనిమిదేళ్ల నాటి స్పోర్ట్ బోటును, 150 హార్స్‌పవర్ పెట్రోలు అవుట్‌బోర్డ్ ఇంజన్లు (పడవ వెనుక బయటివైపు బిగించేవి) రెండు ఉన్నదాన్ని, ప్రొద్దుటూరుకు తెచ్చుకొని గండికోట జలాశయంలో తిప్పుకోవాలనుకుంటున్నామని, కొనవచ్చో లేదో, కొంటే ఎలా కాపాడుకోవాలో చెప్పమని మీరు అడిగారు. కర్నూలులో ఉంటూ, బంధువులతో కలిసి దాదాపు అలాంటి పడవనే సముద్రతీరం నుంచి కొని తెచ్చి, అనుమతి తీసుకొని అవుకు జలాశయంలో నడుపుతున్నవాణ్ణి కనుక నేను గమనించినవి చెబుతాను. ఒక ఇంజను ఆగిపోయినా రెండోది ఒడ్డుకు చేరుస్తుందన్న ధైర్యంతోనే చాలామంది రెండింజన్ల పడవ వైపు మొగ్గుతారు. ఆ ధైర్యానికి ఆధారం ఉండాలంటే రెండు ఇంజన్లూ నిజంగా ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా బతకగలగాలి, కొనేటప్పుడు చూడవలసినదీ కొన్నాక చేయవలసినదీ అదే.

అన్నిటికంటే ముందు అనుమతుల సంగతి తేల్చుకోండి. మన జలాశయాలు జలవనరుల శాఖ చేతిలో ఉంటాయి, మరపడవకు 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం సర్వే, రిజిస్ట్రేషన్, బీమా కావాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన ప్రమాదం తరువాత మన రాష్ట్రంలో ఈ విషయాన్ని ఎవరూ తేలికగా తీసుకోవడం లేదు, తీసుకోకూడదు కూడా. శ్రీశైలం జలాశయం వైపు ఆలోచన ఉంటే అక్కడ పులుల అభయారణ్యం నిబంధనలు అదనంగా వస్తాయి. అడ్వాన్సు ఇవ్వడానికి ముందే ఈ పని జరగాలి.

ఇక పడవ పరీక్ష. ఒక ఇంజను ఉన్న పడవలో ఆ ఇంజను బాగుందో లేదో తేల్చడానికి కంపెనీ పుస్తకం తప్ప మరో ఆధారం ఉండదు. రెండున్న చోట ఒకదాన్ని పక్కన పెట్టుకొని మరొకదాన్ని కొలవవచ్చు, ఈ సౌకర్యాన్ని పూర్తిగా వాడుకోండి. ల్యాప్‌టాప్ తగిలించి రెండింటి రిపోర్టులూ తీయిస్తే ఏ ఇంజను ఎన్ని గంటలు, ఏ వేగంలో తిరిగిందో తెలుస్తుంది. గంటల్లో పెద్ద తేడా ఉంటే ఒకటి చాలాకాలం పనిచేయకుండా పడి ఉన్నదనో, మార్చారనో అర్థం, దానికి అమ్మేవారి దగ్గర కాగితంతో కూడిన సమాధానం ఉండాలి. కంప్రెషన్ పరీక్షలో, అంటే సిలిండర్లలో పుట్టే ఒత్తిడిని కొలిచినప్పుడు, వాటి మధ్య తేడా పది శాతం లోపు ఉండటం మంచిది. ఒక ఇంజనులో అన్నీ సమానంగా ఉన్నా, అవన్నీ పక్క ఇంజను కంటే బాగా తక్కువగా ఉంటే ఆ ఇంజను అరిగిపోయిందనే అనుకోవాలి. మీరు వెళ్లేసరికి ఇంజన్లు చల్లగా ఉండాలని ముందే చెప్పండి, వెళ్లగానే రెండు మూతల మీదా చేయి పెట్టి చూడండి, ఎందుకంటే మొరాయించే ఇంజనును ముందుగా వేడిచేసి పెట్టడం అమ్మకాల్లో మామూలే.

ప్రొపెల్లర్ను తిప్పే గేర్లకు పోసే గేర్ ఆయిల్ను పరీక్షించడానికి ఖర్చు దాదాపు ఉండదు, కానీ అది చెప్పినంత నిజం మరేదీ చెప్పదు. మేము పడవ చూడటానికి వెళ్లినప్పుడు రెండు ఇంజన్ల కిందా చెరో ప్లాస్టిక్ డబ్బా పెట్టించి, అడుగు స్క్రూ విప్పించాము. కుడి ఇంజను నుంచి నల్లబడిన నూనె సన్నని ధారగా వచ్చింది. ఎడమ ఇంజను నుంచి ముందు కొన్ని చుక్కల నీళ్లు, ఆ వెనుక మజ్జిగ కలిపినట్టు తెల్లగా చిక్కబడిన నూనె దిగాయి. ప్రొపెల్లర్ ఊడదీయించి చూస్తే, దాని వెనుక షాఫ్టుకు నైలాన్ వలదారం గట్టిగా చుట్టుకొని, నీరు లోపలికి రాకుండా ఆపే సీలు రబ్బరును కోసుకుంటూ లోపలికి దిగి ఉంది. స్క్రూ కొనకు ఉన్న అయస్కాంతానికి ఇనుప రవ్వలు అంటలేదు కనుక గేర్లు దెబ్బతినలేదని మెకానిక్ చెప్పాడు. సీళ్ల ఖర్చు ధరలో తగ్గించుకొని పడవ తీసుకున్నాము. అదే రవ్వలు కనిపించి ఉంటే వదిలేసి వచ్చేవాళ్లం.

నీటి మీద పరీక్ష లేకుండా మాత్రం కొనవద్దు. ఇలాంటి ఇంజన్లు పూర్తి వేగంలో సాధారణంగా 5000 నుంచి 6000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మధ్య, రెండూ ఇంచుమించు ఒకే అంకె దగ్గర తిరగాలి. తరువాత ఒకటి ఆపి, దాన్ని పైకి లేపి, రెండోదానితోనే నడిపించండి. చాలా పడవలు ఒక్క ఇంజనుతో వేగం పుంజుకొని నీటి మీద తేలికగా జారేంత పైకి లేవలేవు, గంటకు పది కిలోమీటర్లకు అటూ ఇటూ నెమ్మదిగా ఒడ్డు చేరుతాయి. అది లోపం కాదు, కానీ గాలివానకు ముందు ఎంత దూరం వెళ్లవచ్చో ఆ వేగాన్ని బట్టే నిర్ణయించుకోవాలి. ఇంజన్లు బిగించిన వెనుక పలకను ప్లాస్టిక్ సుత్తితో తట్టిచూడండి, డొల్ల శబ్దం వస్తే లోపలి చెక్క కుళ్లినట్టే. రెండు ఇంజన్ల బరువు మోసేది ఆ పలకే కాబట్టి, అక్కడ అనుమానం వస్తే ధర ఎంత తగ్గించినా నేనైతే కొనను.

కొన్న తరువాత మొదటి పని రెండు ఇంజన్లకూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చేయడం. పాత పడవల్లో రెండింటికీ ఒకే పెట్రోలు ట్యాంకు, ఒకే ఫిల్టరు, ఒక్కోసారి ఒకే బ్యాటరీ ఉంటాయి. ట్యాంకులోకి నీరు చేరితే రెండూ ఒకేసారి ఆగిపోతాయి, రెండింజన్ల ధైర్యం అక్కడితో అయిపోతుంది. రెండో ట్యాంకుకు చోటు లేకపోతే కనీసం ఒక్కో ఇంజనుకు విడిగా నీటిని వేరుచేసే 10 మైక్రాన్ల ఫిల్టరు, విడి గొట్టం, విడి బ్యాటరీ పెట్టించండి. ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది, చాలా అవుట్‌బోర్డ్ కంపెనీలేమో 10 శాతం వరకే ఒప్పుకుంటాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. అందువల్ల గొట్టాలన్నీ కొత్తవి వేయించి, తిరగని నెలల్లో ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచకుండా తీసివేయడం మేలు.

సముద్రంలో తిరిగిన పడవకు మన దగ్గర మరో మార్పు అవసరం. ఇంజను అల్యూమినియం తుప్పు పట్టకుండా తాము కరిగిపోయే లోహపు దిమ్మలను యానోడ్లు అంటారు. ఉప్పునీటికి వేసే జింకు దిమ్మల మీద మంచినీటిలో పొర కట్టి అవి పనిచేయడం మానేస్తాయి కనుక, జలాశయంలోనే ఉండే పడవకు మెగ్నీషియం యానోడ్లు వేయించండి. ఇంజను వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ విప్పి లోపల పేరుకున్న ఉప్పును కడిగించండి, కానీ మన పల్లెల బోరునీటితో మాత్రం కాదు, ఆ నీటి సున్నం మళ్లీ లోపలే పేరుకుంటుంది. వరద కాలంలో వచ్చే ఒండ్రునీరు కూలింగ్ పంపులోని రబ్బరు ఇంపెల్లర్‌ను త్వరగా అరగదీస్తుంది కాబట్టి, కంపెనీ అంతకంటే ఎక్కువ గడువు చెప్పినా మేము ఏటా మారుస్తాము. ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్ వంద గంటలకో, ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు.

గండికోట అడుగున కొండాపురం మండలంలోని ఊళ్లు ఉన్నాయన్నది మీకు చెప్పనక్కరలేదు. నీటిమట్టం తగ్గినప్పుడు గోడలు, చెట్ల మోళ్లు పైకి కనబడకుండా పడవ అడుగుకు దగ్గరగా వస్తాయి. అందుకే స్టీలు ప్రొపెల్లర్ ఉన్నా తీసి అల్యూమినియంది వేయండి, దెబ్బ తగిలితే అది వంగి లోపలి గేర్లను చాలావరకు కాపాడుతుంది. రెండింజన్ల పడవలో ఎడమ ప్రొపెల్లర్ చాలాసార్లు ఎదురు దిశలో తిరుగుతుంది, అలాంటప్పుడు కుడిదానికి కొన్న విడిభాగం ఎడమకు సరిపోదు, విడిగా రెండు రకాలూ దగ్గర ఉండాలి. చేపల వలలు వేసే చోట నడిపిన ప్రతిసారీ, ఇంజన్లు ఆపి పైకి లేపి ప్రొపెల్లర్ల వెనుక దారం చుట్టుకుందేమో చూడండి.

ఖర్చు విషయం దాచి లాభం లేదు. పూర్తి వేగంలో ఒక్కో ఇంజను గంటకు సుమారు 50 లీటర్లు తాగుతుంది, రెండూ కలిపి వంద. లీటరు 110 రూపాయల దరిదాపుల్లో ఉన్నప్పుడు గంటకు పదకొండు వేలు. సర్వీసు, యానోడ్లు, ఇంపెల్లర్లు, బ్యాటరీలు అన్నీ రెండేసి కావడంతో తడిసి మోపెడవుతుంది. కడపలో, కర్నూలులో ఈ ఇంజన్లు తెలిసిన మెకానిక్‌ను వెతకడం కష్టం కాబట్టి, తీరం నుంచి మనిషిని పిలిపిస్తే ప్రయాణ ఖర్చూ మనదే. కుటుంబంతో సాయంత్రాలు తిరగడమే మీ ఉద్దేశమైతే, ఒకే ఇంజనున్న చిన్న పడవ తీసుకొని, దాని పక్కన సొంత ట్యాంకు ఉన్న పది హార్స్‌పవర్ చిన్న ఇంజను బిగించుకోమని నేను సలహా ఇస్తాను, ఒడ్డుకు చేరడానికి అది చాలు. పదిమందిని ఎక్కించుకొని వేగంగా తిరగవలసిన అవసరం ఉంటేనే, పై పరీక్షల్లో రెండు ఇంజన్లూ నెగ్గితేనే, గోవా పడవకు అడ్వాన్సు ఇవ్వండి.