ప్రశ్నవారీ మార్కుల నుంచి మొదలుపెట్టు

బెంగళూరు, మల్లేశ్వరం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. "బాబాయ్ గారూ, మొహమాటపడకుండా చెప్పండి" అని అడిగావు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. విద్యార్థుల ఫలితాలను చూసి పాఠశాలల సాంకేతిక ప్రణాళికను ఎలా తయారుచేసుకోవాలో చెప్పబోతున్నానని మొదటి వాక్యంలోనే అన్నావు. ఆ తర్వాత స్మార్ట్ బోర్డులు, ట్యాబ్లెట్లు, ఇంటర్నెట్ వేగం, సర్వర్లు అంటూ సగం వ్యాసం నడిచింది. పిల్లల మార్కులు చివరి పేజీలో ఒక రేఖాచిత్రంగా కనిపించి మాయమయ్యాయి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఏ తరగతి పిల్లలకు ఏ పాఠంలో ఏది రావడం లేదో తేలకముందే వాళ్లకు కావలసిన యంత్రం పేరు ఖరారైపోయింది. అధికారులు రాసే ప్రణాళికల్లోనూ తరచుగా ఇదే వరుస కనిపిస్తుంది. వాళ్లకు మార్చి నెలాఖరులోగా నిధులు ఖర్చుపెట్టాలన్న తొందర ఉంటుంది. నీకు అదీ లేదు.

ఫలితాలను చూసి ప్రణాళిక వేసుకోవాలన్న ఆలోచన ఎక్కడ బలపడిందో పాఠకుడికి క్లుప్తంగా చెప్పు. అమెరికాలో 2002 జనవరిలో వచ్చిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా చదవడంలోనూ గణితంలోనూ పరీక్షలు పెట్టమంది. ఫలితాలను పేద పిల్లలకు, ఇంగ్లీషు కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలకు, వైకల్యం ఉన్న పిల్లలకు విడివిడిగా ప్రకటించమంది. అదే చట్టంలోని సాంకేతిక నిధుల భాగం, స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక ప్రాంతంలోని బడులను నడిపే స్థానిక విభాగాలు) తమకు అందిన సొమ్ములో కనీసం 25 శాతం ఉపాధ్యాయుల శిక్షణకే కేటాయించాలని షరతు పెట్టింది. అక్కడ చాలా డిస్ట్రిక్టులకు ఎన్నికైన బోర్డు, స్థానిక ఆస్తి పన్ను రాబడి, సొంతంగా కొనుగోలు చేసే అధికారం ఉంటాయి. మన బెంగళూరులో ఉత్తర, దక్షిణ విద్యా జిల్లాలకు డీడీపీఐలు (జిల్లా స్థాయి విద్యాధికారులు), వారి కింద బ్లాకులకు బీఈఓలు (బ్లాకు విద్యాధికారులు) ఉన్నారు గానీ, నిధులు రాష్ట్ర బడ్జెట్ నుంచీ, ఢిల్లీలో ఆమోదం పొందవలసిన సమగ్ర శిక్ష (కేంద్రం నడిపే పాఠశాల విద్యా పథకం) వార్షిక ప్రణాళిక నుంచీ వస్తాయి. నీ వ్యాసంలో "జిల్లా నిర్ణయించాలి" అన్న మాట ఎన్నిచోట్ల వచ్చిందో చూసుకో. అలా రాసిన ప్రతిచోటా, ఎవరు సంతకం పెడితే ఆ పని జరుగుతుందో కనుక్కుని ఆ పదవి పేరు రాయి. బీఈఓ చేతిలో ఉన్నది ఏ బడికి ముందు శిక్షణ ఇవ్వాలన్న ఎంపిక మాత్రమే అయితే, అతన్ని సర్వర్లు కొనమని అడగడం వల్ల ప్రయోజనం లేదు.

ఇక అసలు సంగతి. ఫలితాలన్నీ ఒకే గాటన కట్టే వస్తువులు కావు. 2021 నవంబరు 12న జరిగిన జాతీయ సాధన సర్వేలో 720 జిల్లాల నుంచి సుమారు 34 లక్షల మంది పిల్లలు పాల్గొన్నారు. అంకె ఘనంగానే ఉంది, కానీ అది నమూనా సర్వే. జిల్లా ఎలా ఉందో చెబుతుంది, కృష్ణరాజపురంలోని ఫలానా బడికి ల్యాబు కావాలో వద్దో చెప్పదు. పైగా అప్పుడు పరీక్షించింది 3, 5, 8, 10 తరగతులను. 2024 డిసెంబరు 4న 'పరఖ్' పేరుతో జరిగిన అలాంటి జాతీయ సర్వేలో 3, 6, 9 తరగతులను పరీక్షించారు. నువ్వు 2021 నాటి ఐదో తరగతి గణితాన్ని 2024 నాటి ఆరో తరగతి గణితం పక్కన పెట్టి, మధ్యలో గీత గీసి, "మెరుగుదల" అని రాశావు. ఆ గీతను తీసెయ్. 'అసర్' సర్వేలో పిల్లల ఇంటికే వెళ్లి ఒక్కొక్కరి చేత చదివించి చూస్తారు కాబట్టి దాని మీద నాకు గౌరవం ఎక్కువే; అయితే అది గ్రామీణ సర్వే. బెంగళూరు నగరంలోని బడుల గురించి దాన్ని ఉదహరించడం కుదరదు.

ఎస్‌ఎస్‌ఎల్‌సీ (ఇక్కడి పదో తరగతి పరీక్ష) ఉత్తీర్ణత శాతం సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. కర్ణాటకలో 2023లో అది 83.89 శాతం. 2024లో 73.40 శాతానికి పడిపోయింది. ఏడాది తిరిగేసరికి రాష్ట్రంలోని పిల్లలందరికీ చదువు రాకుండా పోయిందా? ఆ సంవత్సరం పరీక్షా కేంద్రాల్లో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగ్ చేశారు. చూసి రాయడం కష్టమైంది. ఫలితాలు మరీ దిగజారడంతో గ్రేస్ మార్కులను 10 శాతం నుంచి 20 శాతానికి పెంచారు. అలా పెంచాక మిగిలిన అంకె ఈ 73.40. ఇప్పుడు ఒక బ్లాకులో 2023 వేసవిలో తరగతి గదులకు ప్రొజెక్టర్లు బిగించారనుకో. ఉత్తీర్ణత శాతాన్ని మాత్రమే చూసేవాడు ప్రొజెక్టర్ల వల్ల చదువు చెడిందని తేలుస్తాడు. మరుసటి ఏడాది మూల్యాంకనం సడలిస్తే అదే ప్రొజెక్టర్ల వల్ల బాగుపడిందనీ అంటాడు. కొలబద్దే మారిన ఏడాదిలో కొలత గురించి మాట్లాడేటప్పుడు ఆ మార్పును ముందు చెప్పడం రాసేవాడి ధర్మం.

ప్రణాళికకు నిజంగా పనికొచ్చే దత్తాంశం చాలాసార్లు బడిలోనే, టీచరు బీరువాలోనే ఉంటుంది: ఏడాది మధ్యలో పెట్టే ఎఫ్‌ఏ, టర్ము చివర పెట్టే ఎస్‌ఏ పరీక్షల జవాబు పత్రాలు. రాష్ట్రంలో విద్యార్థుల వివరాలు నమోదు చేసే స్యాట్స్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి ఎక్కేది మొత్తం మార్కులూ గ్రేడూ. ఏ ప్రశ్న దగ్గర బిడ్డ ఆగిపోయిందో అందులో కనబడదు. తూర్పు బెంగళూరులో, కట్టడాల మీద పనిచేసే కుటుంబాల పిల్లలు ఎక్కువగా చదివే ఒక ప్రభుత్వ పాఠశాలలో నేను చూసినది చెబుతాను. పిల్లల్లో చాలామంది ఇళ్లలో తెలుగే. అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్లు. బడిలో కన్నడ మాధ్యమం. ఏడో తరగతి గణితం సగటు తక్కువగా ఉందని ఆ బడిని గణిత సాఫ్ట్‌వేర్ ఇవ్వవలసిన జాబితాలో చేర్చారు. అక్కడి గణితం టీచరు జవాబు పత్రాలు ముందేసుకుని, గళ్ల కాగితం మీద నిలువునా పిల్లల పేర్లు, అడ్డంగా ప్రశ్నల సంఖ్యలు వేసి, సరైన చోట టిక్కు, తప్పిన చోట సున్నా, రాయని చోట అడ్డగీత పెట్టుకుంటూ పోయింది. 864ను 12తో భాగించమన్న లెక్క కింద వరసగా టిక్కులే. 864 రూపాయలను 12 మంది కూలీలకు సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎంత వస్తుందన్న పద సమస్య కింద ఎక్కువగా అడ్డగీతలు. రాసిన కొద్దిమందిలో కొందరు రెండు సంఖ్యలనూ కూడేసి 876 అని వేశారు. టీచరు తనకొచ్చిన తెలుగులో అదే ప్రశ్నను చదివి వినిపిస్తే, వెనక బల్ల మీది కుర్రాడు కాగితం ముట్టకుండానే డెబ్బై రెండు అన్నాడు.

ఆ గళ్ల కాగితం చెప్పినదేమిటి? ఆ పిల్లలకు భాగాహారం వచ్చు. కన్నడ వాక్యం చదివి అర్థం చేసుకోవడం రాదు. గణిత సాఫ్ట్‌వేర్ తెచ్చిపెడితే వచ్చిన లెక్కలనే మళ్లీ మళ్లీ చేస్తారు, తెర మీద పద సమస్య రాగానే అక్కడా ఆగిపోతారు. వాళ్లకు కావలసినది వింటూ, అక్షరాలను చూస్తూ చదవగలిగే కన్నడ కథలు, పాఠాలు. ఒక ఫోనూ స్పీకరూ ఉన్నా మొదలుపెట్టవచ్చు. నీ వ్యాసానికి ఇలాంటి పట్టిక ఒకటి సంపాదించు. రంగురంగుల రేఖాచిత్రాలు పదికన్నా అది ఎక్కువ మాట్లాడుతుంది. చేతిరాతతో ఉన్న కాగితాన్ని కంప్యూటర్లో అందంగా దిద్దవద్దు. అడ్డగీతలు అడ్డగీతలుగానే ఉండనీ. రాయకపోవడమూ తప్పు రాయడమూ వేర్వేరు సమాచారాలు, రెండింటినీ సున్నాగా లెక్కకట్టిన క్షణంలో ఆ తేడా పోతుంది.

యంత్రాల వల్ల చదువు పెరుగుతుందా అన్నదాని మీద నువ్వు "పరిశోధనలు నిరూపించాయి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఏ పరిశోధనలు? పెరూలో పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచిన పథకాన్ని 319 గ్రామీణ పాఠశాలల్లో పరిశీలిస్తే, విద్యార్థికి 0.12గా ఉన్న కంప్యూటర్ల సంఖ్య 1.18కి పెరిగింది గానీ గణితంలో, భాషలో మార్పు కనిపించలేదు. ఇటు వడోదర మునిసిపల్ బడుల్లో నాలుగో తరగతి పిల్లలు ఇద్దరికొక కంప్యూటరు చొప్పున వారానికి రెండు గంటలు గణితం ఆటలు ఆడితే, రెండో ఏడాదికి మార్కులు 0.47 ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలమానం) మేర పెరిగాయి. విద్యా ప్రయోగాల్లో ఇది పెద్ద పెరుగుదలే. కార్యక్రమం ఆగిపోయిన ఏడాదికి ఆ లాభం చాలావరకు కరిగిపోయిందన్నది కూడా అదే పరిశోధన చెప్పింది, దాన్ని వదిలేసి మొదటి సగాన్నే రాయకు. 2019లో అచ్చయిన ఢిల్లీ అధ్యయనం నీ విషయానికి మరీ దగ్గరిది. అందులో ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కరి స్థాయిని పట్టుకుని అక్కడి నుంచి నేర్పింది, పక్కన చిన్న బృందాలకు బోధించే మనిషీ ఉన్నాడు. నాలుగున్నర నెలల్లో గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనం మేర లాభం వచ్చింది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే, పిల్లవాడు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో తెలుసుకుని వాడిన చోటే యంత్రం అక్కరకొచ్చిందని నాకు అనిపిస్తుంది. నీకు వేరుగా అనిపిస్తే అదే రాయి, కానీ మూడింటినీ చదివాక రాయి.

ఖర్చు గురించి నువ్వు కొనుగోలు ధర దగ్గరే ఆగిపోయావు. సమగ్ర శిక్షలో ఒక ఐసీటీ ల్యాబుకు (కంప్యూటర్ గదికి) ఒకసారి ఇచ్చే గ్రాంటు 6.40 లక్షల రూపాయల దాకా, నడపడానికి ఏటా ఇచ్చేది 2.40 లక్షల దాకా, అదీ ఐదేళ్లు. లెక్క వేసి చూడు: ఐదేళ్ల నిర్వహణ సొమ్ము కొన్న ధరకు దాదాపు రెట్టింపు. ఆరో ఏడు ఎవరు చూస్తారన్నది ప్రణాళికలో ఉండవలసిన ప్రశ్న. ఈసారి ఏ బడికి వెళ్లినా స్టాకు రిజిస్టరు అడిగి చూడు. అందులో పది కంప్యూటర్లు "పనిచేయుచున్నవి" అని ఉంటే, గదిలోకి వెళ్లి యూపీఎస్ మీట నొక్కు. బ్యాటరీ ఉబ్బిపోయి ఉంటే మిగతా తొమ్మిదీ చూడనక్కర్లేదు.

ఇంకో చిన్న మాట. ఎనిమిది మంది పిల్లలున్న తరగతిలో ఇద్దరు ఊరికి వెళ్లిపోతే సగటు పైకో కిందికో దూకుతుంది. వలస కుటుంబాల బడుల్లో ఇది ఏడాది పొడవునా జరిగేదే. అందుకే జూన్‌లో పరీక్ష రాసినవాళ్లలో ఫిబ్రవరిలోనూ రాసినవాళ్లు ఎవరో చూసి, వాళ్లనే పోల్చాలి. పిల్లల పేర్లు మాత్రం ఎక్కడా రాకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. చట్టం లేకపోయినా, తనకు సున్నా వచ్చిన కాగితం అచ్చులో చూసుకోవడం ఏ బిడ్డకూ ఇష్టముండదు.

భాష గురించి పెద్దగా చెప్పవలసినదేమీ లేదు. నీ తెలుగు బాగుంది. "అభ్యసన ఫలితాల ఆధారిత సమీకృత డిజిటల్ పరివర్తన" లాంటి గొలుసులు రెండు మూడు ఉన్నాయి, వాటిని తెంచు. ఆ వాక్యంలో ఎవరు ఏం చేస్తారో నాకు అర్థం కాలేదు, నీకూ అర్థమై ఉండదని నా అనుమానం.

మొదటి అర్ధవార్షిక పరీక్షలు అవగానే, నువ్వు శనివారాలు వెళ్లే బడిలోని గణితం టీచరును అడిగి ఒక్క తరగతి జవాబు పత్రాలను ప్రశ్నవారీగా గళ్లలో వేయి. ఆవిడకు దిద్దే పని తలకు మించి ఉంటుంది కాబట్టి ఆ పట్టిక నువ్వే వేసి, ఒక ప్రతి ఆవిడకు ఇవ్వు. తర్వాత ఆ పట్టికతోనే వ్యాసం మొదలుపెట్టి, కొనవలసిన వస్తువు పేరు మూడో పేజీ దాటేదాకా రానివ్వకుండా తిరిగి రాసి పంపు. టైపు చేసినదైతే అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టు, నా కళ్లద్దాలు మారాయి.

ఆశీస్సులతో,
మీ బాబాయి